విజిలమ్మ ఎత్తని చెయ్యి

విజిలమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అందరూ అంటారు. అది నిజం కాదు. ముక్కు మీద ఉంటే ఎప్పుడో ఒకసారి జారి కిందపడేది. ఆమె తన కోపాన్ని విజిల్‌తో పాటు తాడుకు కట్టి మెడలో వేసుకుని తిరిగేది. ప్యూన్‌ను పిలవాలన్నా విజిలే, పిల్లల్ని నోరు మూయించాలన్నా విజిలే. ఇంట్లో ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే అక్కడా విజిలే ఊదేది, ఆ తర్వాత ఊసెత్తడం మానేశారు. ఒకప్పుడు బాగా ఆడిన మనిషి. మోకాలు చెడి ఆట ఆగిపోతే, ఈ కాలేజీవాళ్ళు పిలిచి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును ఆమె చేతిలో పెట్టారు. దాంతోపాటు స్టోర్‌రూము తాళాలు, దెబ్బలకు రాసే మందుల డబ్బా, సభలకు మైకు చూసుకునే పనీ అంటగట్టారు. చిన్న కాలేజీ అంటే అంతే, ఒక మనిషి జీతం చూపించి నలుగురి చాకిరీ చేయించుకుంటారు.

అక్కడ ఉన్నదే ఒక్క పెద్ద హాలు. మామూలు రోజుల్లో అది బాస్కెట్‌బాల్ కోర్టు, పరీక్షలొస్తే అదే పరీక్ష హాలు. ఇనప కాళ్ళ బల్లలు ఈడ్చుకొచ్చి చెక్క నేల మీద వరసగా వేస్తారు. బాస్కెట్లు మాత్రం రాసేవాళ్ళ నెత్తిన అలాగే వేలాడుతుంటాయి. ఆ బల్లల కాళ్ళు నేలను గీరితే విజిలమ్మకు తన ఒంటి మీద గీరినట్టే ఉండేది. పాత చాపలు పరిచి, బల్లల్ని ఎత్తి పెట్టమని ప్యూన్ల వెంటపడేది. ఒక్క బల్లను ఈడ్చిన చప్పుడైనా చాలు, ఎక్కడున్నా విజిల్ ఊదుకుంటూ వచ్చి పడేది.

ఆ బల్లలు వేయించేది పరీక్షల అధికారి. ఆయన స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరర్. అదొక్కటే అయితే సరిపెట్టుకునేదేమో కానీ, ఆయన ఆమెకు సొంత బావ, అక్క మొగుడు. పైగా ఆమె ఉండేది ఆయన ఇంటి మేడ మీది గదుల్లోనే. తెల్లారగానే ఆయన కింద కూర్చుని పేపర్లు దిద్దుకుంటుంటే, సరిగ్గా ఆయన నెత్తి మీద ఈమె తాడు గెంతేది. బావామరదళ్ళంటే సరసాలాడుకుంటారని లోకం అనుకుంటుంది. వీళ్ళిద్దరూ ఎదురుపడితే మధ్యలో అక్క ఉప్పు డబ్బానో నీళ్ళ గ్లాసో పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

"మీ బంతి తగిలి పరీక్ష హాలు గడియారం పగిలింది" అని ఆయన ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నాడు.

"కోర్టులో గడియారం వేలాడదీయమని ఎవరన్నారు?" అని ఆమె ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది.

గడియారం మాత్రం ఎవరూ బాగుచేయించలేదు.

అసలు గొడవ అది కాదు. ఆ జట్టులో ఉన్నదే గుప్పెడు మంది. పెద్ద కాలేజీల్లో ఒకమ్మాయి క్లాసుకు పోతే ఆమె చోట ఆడడానికి ఇంకో ఇద్దరు కాచుకుని ఉంటారు. ఇక్కడ ఒకమ్మాయికి జ్వరం, ఇంకొకమ్మాయికి ల్యాబ్ అంటే ఆ రోజు ఆటే లేదు. సరిగ్గా మ్యాచ్ ఉన్న రోజునే బావగారు క్లాసు టెస్టు పెట్టేవాడు. కావాలనే పెడుతున్నాడని ఈమె గొంతు చించుకునేది. కాలేజీకి వచ్చేది చదువుకోవడానికా గెంతడానికా అని ఆయన వెటకారమాడేవాడు. ఇద్దరి పంతాల మధ్యా నలిగిపోయింది పిల్లలే. పొద్దున ఆట, పగలు క్లాసు, సాయంత్రం మళ్ళీ ఆట, ఆ తర్వాత పుస్తకం తెరిస్తే నిద్ర. వాళ్ళ కళ్ళకింద నలుపులు ఈ ఇద్దరు పెద్దమనుషుల్లో ఒక్కరికీ కనబడలేదు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళుమంటే.

జట్టు మొత్తానికీ పొడుగైన అమ్మాయిని నిచ్చెన అని పిలిచేవారు. దర్జీ కూతురు. జట్టు జెర్సీలకు నంబర్లు కుట్టేది వాళ్ళ నాన్నే. బాస్కెట్ కింద నిచ్చెన నిలబడిందంటే ఎదుటివాళ్ళు బంతి పట్టుకుని అటూ ఇటూ చూడాల్సిందే. స్టాటిస్టిక్స్ ముందు మాత్రం ఆ పిల్లే దిక్కులు చూసేది. అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కాలేజీ నుంచి పేరు తీసేస్తారు, అది అక్కడి రూలు. ఆ మాట తెలిసిన రోజు దర్జీ మెడలో టేపు అలాగే ఉంచుకుని కోర్టుకు వచ్చాడు.

"మేడం, ఆట మాన్పించేద్దాం అనుకుంటున్నా" అన్నాడు.

"ఎందుకు మాన్పించడం? దాని చదువు నా పూచీ. పాస్ చేయించే బాధ్యత నాది, సరేనా?" అంది విజిలమ్మ.

"మీ మాట మీదే ఉంచుతున్నా మేడం. మాకు ఇంకో దారి లేదు."

మాట ఇచ్చిందంటే పట్టు విడిచే రకం కాదు. బస్సులో వెళ్తున్నా నిచ్చెన పక్కనే కూర్చుని పుస్తకం తెరిచేది. తనకు అందులో ఒక్క ముక్కా అర్థం కాదు, అయినా "చెప్పవే, తర్వాతి స్టెప్ ఏంటి?" అని గద్దించేది. చెప్పింది తప్పో ఒప్పో తెలియకపోయినా, పిల్ల తడబడితే మాత్రం పట్టేసేది. "తడబడ్డావంటే రాదన్నమాటే. మళ్ళీ మొదటినుంచి" అనేది. ఆ రకంగానే పిల్లకు లెక్కలు కాస్త కాస్తగా ఒంటబట్టాయి.

ఆమె కోర్టులో ఒక పద్ధతి ఉంది. ఫౌల్ చేసినవాళ్ళు రిఫరీ చూసినా చూడకపోయినా వెంటనే చెయ్యెత్తాలి. మోచెయ్యి వంచకూడదు, చెయ్యి నిటారుగా ఉండాలి, మొహం మాడ్చకూడదు. "చేసింది నేనే అని చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు నా జట్టులో వద్దు" అనేది. ఎత్తనివాళ్ళను కోర్టు చుట్టూ పరిగెత్తించేది. పక్క కాలేజీలవాళ్ళు నవ్వేవారు. మీ పిల్లలు దొరక్కముందే దొరికిపోతారేంటమ్మా అనేవారు. ఆమెకు అదే గొప్ప.

ఆ ఏడు టోర్నమెంటూ స్టాటిస్టిక్స్ పరీక్షా ఒకే రోజు పడ్డాయి. పొద్దున పరీక్ష, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో ఫైనల్ మ్యాచ్. పొద్దున ఇక్కడ రాసి మధ్యాహ్నానికి అక్కడికి చేరే దారి లేదు. విజిలమ్మ, బావగారు ప్రిన్సిపాల్ గదిలో కారాలు మిరియాలు నూరుకున్నారు. ప్రిన్సిపాల్ మెత్తటి మనిషి, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళవైపు తల తిప్పుతాడు. చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. జట్టులో ఆ పరీక్ష ఉన్నది నిచ్చెనకొక్కదానికే కాబట్టి, ఆ పిల్ల ఆ ఊళ్ళోనే, సరిగ్గా అదే సమయానికి పరీక్ష రాస్తుంది. పేపర్ సీల్ వేసి ఇస్తారు, ఇన్విజిలేటర్‌గా విజిలమ్మ కూర్చుంటుంది.

"ఫోన్లు బయట పెట్టాలి. గది దాటకూడదు. ఇక్కడ బెల్లు మోగే టైముకు అక్కడా ఆపేయాలి" అన్నాడు బావగారు.

"నాకు టైం గురించి మీరు చెప్తున్నారా?" అంది విజిలమ్మ. ఆమె చేతిలో స్టాప్‌వాచ్ ఉంది, అది లేకుండా ఆమెను ఎవరూ చూసి ఎరగరు.

అక్కడి కాలేజీవాళ్ళు ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది ఇచ్చారు. దానికి కిటికీ లేదు. చెమట వాసన, నొప్పులకు రాసే నూనె వాసన. పొడుగాటి బెంచీ మీద ఒడిలో అట్ట పెట్టుకుని నిచ్చెన రాయడం మొదలుపెట్టింది. విజిలమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. లోపలికి ఎవరైనా వస్తే చంపేసేలా ఉంది.

సగం రాశాక కరెంటు పోయింది. గదిలో తన చెయ్యి తనకు కనబడనంత చీకటి. ఫోను బయట ఉంది, గది దాటకూడదు. ఆ చీకట్లో చిన్న టిక్కుమన్న చప్పుడైంది. విజిలమ్మ బొటనవేలు స్టాప్‌వాచ్‌ను ఆపేసింది. ఆలోచించి చేసింది కాదు. బాస్కెట్‌బాల్‌లో బంతి ఆగితే గడియారం ఆగుతుంది, మళ్ళీ బంతి కదిలితే గడియారం కదులుతుంది. ఆ వేలికి తెలిసిన న్యాయం అదొక్కటే.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఆమె గడియారం మళ్ళీ నొక్కి "ఊఁ, రాయి" అంది. నిచ్చెన తల దించి రాసింది. కాసేపటికి తన చేతి వాచీ చూసుకుని, కలం ఆపింది.

"మేడం, టైం అయిపోయినట్టుంది."

"గడియారం నా దగ్గరుంది. పోయిన టైం నీది, నీకు రావాల్సిందే. చివరి లెక్క చెయ్యి."

"సార్ ఏమైనా అంటారేమో..."

"సార్ సంగతి నేను చూసుకుంటా. రాయవే!"

పిల్ల రాసింది. మధ్యాహ్నం మ్యాచ్ ఆడింది. ఒళ్ళు తెలియకుండా ఆడింది. కప్పు గెలిచారు. బస్సులో అందరూ గొంతు పోయేదాకా అరిచారు. విజిలమ్మ జవాబు పేపర్ కవరు మీద తన లావుపాటి అక్షరాలతో, కరెంటు పోయిందనీ, అంతసేపూ గడియారం ఆపాననీ, ఆ టైం చివర్లో ఇచ్చాననీ రాసి సంతకం పెట్టింది. దాచాల్సిన పని చేశానని ఆమెకు ఏ కోశానా అనిపించలేదు. మంచి పని చేశాననే అనుకుంది.

బావగారు ఆ కవరు చదివి, పేపర్ దిద్దకుండానే పక్కన పెట్టేశాడు.

"పరీక్షలో గడియారం ఆగదు. కరెంటు పోతే కబురు పెట్టాలి, నేను చూసుకునేవాణ్ణి. గడువు దాటాక రాయించడం ఏంటి? ఈ పేపర్ దిద్దడానికి లేదు" అన్నాడు.

"గది దాటొద్దని రూల్ పెట్టింది మీరే కదా! కబురు పావురంతో పంపాలా?"

"తలుపు తీసి కేకేస్తే సరిపోయేది. ఊరు ఊరంతా వినబడే గొంతే కదా నీది."

ఆ మాట సూటిగా తగిలింది. తలుపు తీయాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. వేలు గడియారాన్ని ఆపేశాక ఇంక చేయాల్సింది ఏమీ లేదనిపించింది. కానీ ఆ సంగతి బావగారి ముందు ఒప్పుకోవడం కంటే మేడ మీది నుంచి దూకడం ఆమెకు తేలిక.

ఈ సంగతి మీద ప్రిన్సిపాల్ విచారణ పెట్టాడు. అది మర్నాడు అనగా అక్క మేడ మెట్లెక్కి వచ్చింది. అక్క మేడ ఎక్కడం తక్కువ, కీళ్ళనొప్పులు. వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఆయన ఒక మాట చెప్పమన్నారే" అంది.

"ఆయనకు నోరు లేదా?"

"నువ్వు వింటావా? ఇన్విజిలేటర్ వల్ల పొరపాటు జరిగితే పిల్లకి మళ్ళీ పరీక్ష పెట్టొచ్చట. అలాంటి రూలు ఉందట. రేపు ప్రిన్సిపాల్ అడిగినప్పుడు 'తప్పు నాది' అని ఒక్క ముక్క అను, చాలు. మిగతాది ఆయన చూసుకుంటారట."

విజిలమ్మ ఒంటికాలి మీద లేచింది. "చూశావా, చూశావా! నాతో అనిపించాలనే ఆయన సరదా. ఒకసారి తప్పన్నానంటే, ఇక మా పిల్లలు ఎప్పుడూ బయట పరీక్ష రాయకుండా చేస్తాడు. పరీక్షా మ్యాచూ ఒకరోజు పడ్డ ప్రతిసారీ ఆట మానుకోవాల్సిందే. జట్టు నాశనం. అది ఆయన ఎత్తు."

"ఎత్తో కాదో నాకు తెలీదు. ఆ పిల్ల గురించి ఆలోచించవే."

"ఆ పిల్ల గురించే ఆలోచిస్తున్నా! పోయిన టైం తిరిగివ్వడం తప్పెలా అవుతుంది? చెప్పు."

అక్క లేచి, మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగిపోయింది. జట్టు కోసమే తను ఒప్పుకోనని విజిలమ్మ ఆ రాత్రంతా తనకు తాను చెప్పుకుంది. అందులో కొంత నిజం ఉంది. మిగతాదంతా ఆ మనిషి ముందు తల దించాల్సి వస్తుందన్న ఉక్రోషం. ఉన్నమాట అనుకుంటే తప్పేముంది?

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద గెలిచిన కప్పు తళతళలాడుతోంది. దాని పక్కనే ఆ జవాబు పేపర్. దర్జీ తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నిచ్చెన తండ్రి పక్కన వంగి నిలబడింది, అంత పొడుగు పిల్లా తండ్రి భుజం దాకే కనబడింది.

ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, కరెంటు పోవడం ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఆ తర్వాత... మీ వైపు నుంచి ఏదైనా చిన్న పొరపాటు జరిగిందంటారా?"

"లేదు సార్."

"తొందరపడి చెప్పకండి. ఆ హడావుడిలో, మ్యాచ్ టెన్షన్‌లో, ఏదో..."

"నాకు హడావుడీ లేదు, టెన్షనూ లేదు."

బావగారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె వైపే చూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడు. అక్కతో పంపిన ఆ ఒక్క ముక్క కోసం చూస్తున్నాడు. ఆ చూపు వెక్కిరింపులా కనబడింది విజిలమ్మకు.

"నా వైపు ఏ పొరపాటూ లేదు. పోయిన టైం తిరిగిచ్చాను. ఇంకోసారి అలాంటి పరిస్థితి వచ్చినా అదే చేస్తాను" అంది కుండబద్దలు కొట్టినట్టు.

దర్జీ ఏమీ అర్థం కాక ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు. మేడం తమ తరఫున గట్టిగా మాట్లాడుతోందని అనుకున్నాడు, పాపం.

బావగారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "అయితే ఇక మిగిలింది ఒకటే. గడువు దాటాక రాసింది కొట్టేసి మిగతాది దిద్దాలి. ఎక్కడిదాకా గడువులో రాసిందో తేలకపోతే పేపర్ మొత్తం రద్దు. ఎవరు చెప్తారు ఎక్కడిదాకా అన్నది?"

విజిలమ్మకు తెలియదు, ఆమె చూసింది గడియారాన్నే కానీ పేపర్‌ను కాదు.

అప్పుడు నిచ్చెన చెయ్యెత్తింది. మోచెయ్యి వంచలేదు, మొహం మాడ్చలేదు. కోర్టులో ఎత్తినట్టే నిటారుగా ఎత్తింది. ఆ చిన్న గదిలో వేళ్ళు ఫ్యానుకు తగులుతాయేమో అన్నంత ఎత్తుకు వెళ్ళింది ఆ చెయ్యి.

"నాకు తెలుసు సార్. టైం అయినప్పుడు చిన్న గీత పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే చెప్పాలి కదా అని" అంది. బల్ల దగ్గరకు వచ్చి పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించింది. "ఇక్కడిదాకా టైములో రాసింది. ఈ చివరి లెక్క మాత్రం తర్వాత చేసిందే."

బావగారు ఎర్ర కలంతో ఆ గీత కింద ఉన్నదంతా కొట్టేశాడు. కలం కాగితం మీద నడిచిన చప్పుడు విజిలమ్మకు బల్లకాలు నేల మీద గీరినట్టే వినబడింది. ఆ చివరి లెక్క లేకపోతే పాస్ మార్కులు రావు. అది తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిచ్చెన పేరు కాలేజీ నుంచి తీసేశారు. దర్జీ ఇంకా ఆ చిన్న నవ్వుతోనే అందరి మొహాలూ చూస్తున్నాడు, తీసేశారన్న మాట ప్రిన్సిపాల్ రెండోసారి చెప్తేనే ఆ నవ్వు పోయింది.

వరండాలో బావగారు ఆమెను దాటి వెళ్ళబోయి ఆగాడు.

"ఆ చివరి లెక్క సరిగ్గానే చేసింది. ఒక్క స్టెప్ కూడా తప్పు లేదు" అన్నాడు.

"మరి మార్కులు వేయడానికి చేతులు రాలేదా?"

"ఒక్క మాట చాలని చెప్పి పంపాను. ఆ మాట అనగలిగింది నువ్వొక్కదానివే" అని వెళ్ళిపోయాడు.

దర్జీ ఇంటికి వెళ్దామని రెండుసార్లు బయలుదేరింది, రెండుసార్లూ వీధి మలుపు దగ్గర్నుంచే తిరిగొచ్చింది. కుట్టుమిషన్ చప్పుడు అక్కడిదాకా వినబడేది. పూచీ నాదన్న మనిషి ఆ చప్పుడు దాటి ముందుకు వెళ్ళలేకపోయింది.

చివరికి నిచ్చెనే వచ్చింది. మిగిలిన పరీక్షలకు హాల్లో బల్లలు వేసే రోజది. ప్యూన్లు బల్లలు తలుపు దాకా మోసుకొచ్చి, చాపల కోసం చూస్తున్నారు. నిచ్చెన మడతపెట్టిన జెర్సీ తెచ్చింది. ఇస్త్రీ చేసి ఉంది, నంబరు చుట్టూ ఊడిన కుట్లు కొత్తగా వేసి ఉన్నాయి.

"నాన్న ఇచ్చి రమ్మన్నారు మేడం. వేరే ఎవరికైనా పనికొస్తుందని."

"ఉంచుకోవే. అది నీదే."

"వద్దు మేడం. నేను ఇంక ఆడను కదా."

విజిలమ్మకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కోర్టు మధ్యలో నిలబడి, ప్యూన్లందరూ చూస్తుండగా, కుడిచెయ్యి ఎత్తింది. ఇన్నేళ్ళలో ఎవరి ముందూ ఎత్తని చెయ్యి. మోచెయ్యి నిటారుగా నిలబడలేదు.

"తప్పు నాదే" అంది.

నిచ్చెన ఆ చేతిని చూసింది. కోపంతో కాదు, జాలితోనూ కాదు. జెర్సీని బెంచీ మీద పెట్టింది.

"అక్కడ ఎత్తాల్సింది మేడం" అని, వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచింది.

ప్యూన్లు చాపలు దొరక్క, బల్లల్ని నేల మీద ఈడ్చడం మొదలుపెట్టారు. ఇనప కాళ్ళు చెక్కను గీరుకుంటూ వచ్చాయి. విజిల్ ఎప్పుడు మోగుతుందా అని వాళ్ళు ఒకసారి ఆగి చూశారు. అది మోగలేదు. మళ్ళీ ఈడ్చారు.